17వ బిట్‌లో బాగా చదివే పిల్లలకే మార్కు పోయింది, ఇప్పుడేం చేయాలి?

పరీక్షల టీచర్, కూకట్‌పల్లి

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి. శనివారం లోపు నేనొక నిర్ణయం చెప్పాలి, అడగడానికి మా స్కూల్లో ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

9 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పోయిన జూన్ నుంచి సిటీలోనే ఒక ప్రైవేటు స్కూళ్ల గ్రూపులో పరీక్షల పని చూస్తున్నాను. 8 బ్రాంచీలు, అన్నింటికీ ఒకే పేపర్. పేపర్ సెట్ చేసేది వేరే టీచర్లు. వాళ్లకు బ్లూప్రింట్ ఇవ్వడం, వచ్చిన పేపర్ చూసి ఓకే చేయడం, ఓఎంఆర్ షీట్లు స్కాన్ అయ్యాక మార్కులు తీసి తల్లిదండ్రుల యాప్‌లో పెట్టడం నా బాధ్యత.

పోయిన వారం 8వ తరగతి లెక్కల పరీక్ష జరిగింది. 40 బిట్లు, రాసింది 412 మంది, సగటు 24 మార్కులు, ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 6. ఎప్పుడూ స్కాన్ అయిన సాయంత్రమే మార్కులు వెళ్లిపోయేవి. ఈసారి రెండు మూడు రోజులు ఆపమని బతిమాలి, ఒక్కో బిట్‌కీ ఏ పిల్ల ఏం గుర్తు పెట్టిందో ఎక్సెల్‌లో వేసుకుని కూర్చున్నాను. మొత్తం మార్కుల ప్రకారం పిల్లల్ని వరసలో పెట్టి పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం, అంటే అటు 111 మందిని, ఇటు 111 మందిని తీసుకుని పోల్చాను. 39 బిట్లలో పై గుంపే ముందుంది, కొన్నింట్లో బాగా, కొన్నింట్లో కొద్దిగా. 17వ బిట్ మాత్రం తిరగబడింది.

మాది ఇంగ్లిష్ మీడియం, ప్రశ్నను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతుర్భుజాన్ని ఏమంటారు? ఆప్షన్లు స్క్వేర్, రాంబస్, రెక్టాంగిల్, ట్రెపీజియం. కీలో ఉన్నది స్క్వేర్.

పై 111 మందిలో స్క్వేర్ పెట్టినవాళ్లు 34, రాంబస్ పెట్టినవాళ్లు 71, మిగతా రెండూ కలిపి 6. కింది 111 మందిలో స్క్వేర్ 63, రాంబస్ 17, రెక్టాంగిల్ 18, ట్రెపీజియం 13. మొత్తం 412 మందిలో స్క్వేర్ 198, రాంబస్ 150. అంటే 48 శాతం మందికి మార్కు పడింది, ఆ ఒక్క అంకె చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నాకూ వచ్చేది కాదు. పేపర్ ఓకే చేసింది నేనే కాబట్టి సెట్ చేసిన టీచర్‌ని ఒక్క మాట కూడా అనను, ఆవిడ చాలా మంచి టీచర్.

మేనేజ్‌మెంట్‌కి చెబితే "17వ బిట్‌కి అందరికీ మార్కు వేసేయండి, ఒక్క మార్కే కదా" అన్నారు. ఒక్క మార్కే, కానీ 32 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లను స్పెషల్ సెక్షన్‌లో వేస్తారు, రెండేళ్లు అదే సెక్షన్ నడుస్తుంది. ఇప్పుడు సరిగ్గా 31 దగ్గర 14 మంది ఉన్నారు. వాళ్లలో 9 మంది రాంబస్ పెట్టారు, ఒక బాబు రెక్టాంగిల్ పెట్టాడు, నలుగురు స్క్వేర్. సరిగ్గా 32 దగ్గర 11 మంది, వాళ్లలో నలుగురు స్క్వేర్. అందరికీ మార్కు వేస్తే 10 మంది పైకి వస్తారు, స్క్వేర్, రాంబస్ రెండింటికీ వేస్తే 9 మంది, రాంబస్‌కే వేస్తే 9 మంది పైకి వచ్చి నలుగురు కిందికి పోతారు. ఆ నలుగురి పేర్లు నా ముందే ఉన్నాయి, రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి కూడా అడగాలి. ఈ పని చేసేవాళ్లు సిటీలో ఎంతోమంది ఉండే ఉంటారు. స్కూళ్లలో, కోచింగ్ సెంటర్లలో, హైటెక్ సిటీ కంపెనీల్లో ప్రశ్నలు రాసేవాళ్లు, వాటిని సరిచూసేవాళ్లు, డేటా చూసేవాళ్లు. లెక్కల టీచర్లు లెక్కల టీచర్లతో మాట్లాడుకుంటారు, సైన్స్ వాళ్లకు సైన్స్ ఫెయిర్లు ఉన్నాయి. మనం ఎక్కడ కలుస్తాం? ఇలాంటి బిట్ ఒకటి తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి?


అంకెల తమ్ముడు, మాదాపూర్

అక్కా, ముందుగా ఒక మాట, ఆ బిట్‌ని మీరు పట్టుకోవడమే పెద్ద విషయం. నేను ఆరేళ్లుగా పరీక్షల డేటా చూసే ఉద్యోగంలో ఉన్నాను, మార్కులు బయటికి వెళ్లకముందే బిట్ బిట్‌గా చూసే స్కూల్ నాకు ఒక్కటీ తగల్లేదు.

మీ లెక్క సరైనదే. 34 నుంచి 63 తీసేసి 111తో భాగిస్తే మైనస్ 0.26. దీన్నే డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంటాం, బాగా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఆ బిట్ ఎంత బాగా వేరు చేస్తోందో చెప్పే అంకె. ఈబెల్ అనే ఆయన పెట్టిన కొలత ప్రకారం 0.40 దాటితే చాలా మంచి బిట్, 0.20 కన్నా తక్కువైతే తీసేయాలి లేదా తిరగరాయాలి. మైనస్ వచ్చిందంటే సాధారణంగా కీ తప్పు, లేదా ప్రశ్నలో రెండు అర్థాలున్నాయి. ఆ 27 శాతం అన్నది కెల్లీ అనే ఆయన 1939లో లెక్కగట్టి చెప్పింది, రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి, గుంపులో మనుషులూ సరిపడా ఉండాలి, ఈ రెండింటికీ అక్కడ పొత్తు కుదురుతుంది. మీ దగ్గర 412 మంది ఉన్నారు కాబట్టి ఈ పద్ధతి నడిచింది. 40 మంది ఉన్న ఒక్క సెక్షన్‌లో చేస్తే పైన 11, కింద 11, ఇద్దరు అటూ ఇటూ అయినా అంకె మారిపోతుంది, అలాంటి చోట దాన్ని నమ్మకండి.

వచ్చేసారి ఇంకో పని చేయండి. ఎక్సెల్‌లో కోరెల్ ఫార్ములా ఉంటుంది, రెండు కాలమ్‌ల అంకెలు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. ఒక కాలమ్‌లో ఆ బిట్ మార్కు, 0 లేదా 1, ఇంకో కాలమ్‌లో మొత్తం మార్కుల్లోంచి ఆ బిట్ మార్కు తీసేసినది పెట్టి చూడండి. తీసేయకపోతే బిట్ తనతో తానే పోల్చుకున్నట్టవుతుంది. దీనికైతే మధ్యలో ఉన్న 190 మందిని వదిలేయాల్సిన అవసరం కూడా లేదు.

ఇక కీ సంగతి. నా ఉద్దేశంలో రాంబస్ ఒక్కటే సరైన జవాబు. నాలుగు భుజాలు సమానమైతే అది తప్పకుండా రాంబస్, స్క్వేర్ కావాలంటే కోణాలు కూడా 90 డిగ్రీలు ఉండాలి, ఆ మాట ప్రశ్నలో లేదు. ప్రతి స్క్వేరూ రాంబసే, ప్రతి రాంబసూ స్క్వేర్ కాదు. కీ మార్చి చూస్తే 71 నుంచి 17 తీసేసి 111తో భాగించాలి, 0.49 వస్తుంది. అంత మంచి బిట్‌ని తప్పు కీ చెడగొట్టింది.

2024 నీట్ ఫిజిక్స్ ప్రశ్న గుర్తుంది కదా, పరమాణువుల స్థిరత్వం మీద అడిగినది. పాత పుస్తకంలో ఒకలా ఉంది, కొత్త పుస్తకంలో ఇంకోలా ఉందని రెండు జవాబులకూ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే జవాబు ఒక్కటే అని తేల్చారు, ఫలితాలు మళ్లీ వేస్తే 720కి 720 వచ్చినవాళ్లు 61 నుంచి 17కి తగ్గారు. 44 మంది టాప్ ర్యాంకు ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది. అందుకే మార్కులు బయటికి వెళ్లకముందే తేల్చుకోవాలంటాను, వెళ్లాక తీసేసుకుంటే పిల్లల మనసు విరిగిపోతుంది.

కానీ అక్కా, 17వ బిట్ కన్నా నాకు 32 దగ్గర గీసిన గీతే ఎక్కువ బాధ కలిగిస్తోంది. మీరిచ్చిన సగటు, విచలనం చాలు, కేఆర్-21 అనే సూత్రంతో పేపర్ విశ్వసనీయత, అంటే ఇలాంటి పేపర్ మళ్లీ పెట్టినా మార్కులు ఎంతవరకు నిలకడగా వస్తాయన్నది, సుమారుగా చెప్పొచ్చు. కూడర్, రిచర్డ్‌సన్ 1937లో ఇచ్చిన సూత్రాల్లో 21వది, అందుకే ఆ పేరు. మీ పేపర్‌కి 0.75 వస్తోంది. ఒక్కో బిట్‌నీ విడిగా లెక్కలోకి తీసుకునే కేఆర్-20 వేస్తే ఇంకాస్త ఎక్కువ రావచ్చు. 1లోంచి 0.75 తీసేసి, వర్గమూలం కట్టి, విచలనం 6తో గుణిస్తే 3 మార్కులు. అంటే కొలతలో ఉన్న పొరపాటే 3 మార్కుల దాకా ఉంది. 32 వచ్చిన పాప ఇలాంటిదే ఇంకో పేపర్ రాస్తే 29 రావచ్చు, 35 రావచ్చు, ఒక్కోసారి అది కూడా దాటొచ్చు. 31కీ 32కీ మధ్య గోడ కట్టి రెండేళ్లు ఒక పిల్లను అటువైపు ఉంచేంత బలం ఈ పేపర్‌కి లేదు. ఏ 40 బిట్ల పేపర్‌కీ ఉండదు.


ట్యూషన్ సార్, అమీర్‌పేట

మేడమ్, మీ బాధ అర్థమైంది, కానీ స్కూల్ లెవల్ పరీక్షకి ఇంత టెన్షన్ అవసరమా అనిపిస్తోంది. అందరికీ మార్కు కలిపేస్తే ఒక్క పేరెంట్ కూడా అడగడు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) లాంటి వాటిలో కూడా ప్రశ్న తేడాగా ఉంటే కలిపేస్తారు కదా.


బిట్ల అమ్మ, రిటైర్డ్, మలక్‌పేట

ట్యూషన్ సార్‌కి ముందు చెబుతాను. బాబూ, పెద్ద పరీక్షల్లో అందరికీ కలిపేది ప్రశ్నకు అసలు జవాబే లేనప్పుడు, ఉన్నదేదో తేల్చలేనప్పుడు. ఇక్కడ జవాబు ఉంది. జవాబు తెలిసిన 150 మంది పిల్లలు పేపర్‌లో ఉన్నారు. ట్రెపీజియం పెట్టిన పిల్లకూ వాళ్లకూ ఒకే మార్కు వేస్తే, మీకు తెలిసినా తెలియకపోయినా మాకు ఒకటే అని వాళ్లకు చెప్పినట్టు. పేరెంట్ అడగడు, నిజమే. ఆ పిల్లకు మాత్రం గుర్తుంటుంది.

అమ్మా పరీక్షల టీచర్, నేను డైట్‌లో, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా విద్యాసంస్థలో, 22 ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను, ఆ మధ్యలో ఎన్నో పేపర్లు సెట్ చేశాను. మా రోజుల్లో పద్ధతి ఏమిటంటే, ఒక్కదాన్నే తలుపు వేసుకుని కూర్చుని పేపర్ రాసి, వాల్యుయేషన్ సూచనలు రాసి, కవర్లో పెట్టి సీలు వేసి ఇచ్చేయడం. అంతటితో అయిపోయేది. నేను రాసిన ప్రశ్నను పిల్లలు ఎలా అర్థం చేసుకున్నారో, ఎంతమంది రాశారో, ఎక్కడ తడబడ్డారో ఒక్కసారి కూడా నాకు తిరిగి రాలేదు. వంటచేసి పంపడమే కానీ తిన్నవాళ్ల ముఖం చూడలేదు. గోప్యత అవసరమే, పరీక్ష అయ్యేదాకా. అయిపోయాక కూడా అదే మౌనం కొనసాగడం వల్ల ఈ పనిలో ఒకరి అనుభవం ఇంకొకరికి అందలేదు. మీరు అడిగిన రెండో ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

మొదటిదానికి నా సలహా. తమ్ముడు చెప్పిన గణితం సరైనదే, నేను కూడా రాంబసే అంటాను. కానీ మార్కు మాత్రం రెండింటికీ వేయండి. ఎందుకంటే 3, 4 తరగతుల్లో మనమే కదా నాలుగు భుజాలు సమానమైతే స్క్వేర్, రెండేసి సమానమైతే రెక్టాంగిల్ అని బోర్డు మీద గీసి నేర్పింది. ఆ పిల్లలు మనం నేర్పిందే రాశారు. పేపర్ సెట్ చేసిన టీచర్ కూడా అదే అనుకున్నారు, మీరూ ఓకే చేశారు. పెద్దవాళ్లం చూసి దాటేసిన పొరపాటుకు 32 దగ్గరున్న నలుగురు పిల్లలు సెక్షన్ పోగొట్టుకోవడం న్యాయం కాదు. నీట్ అంటే దేశమంతా పోటీ, సీటు ఒకరికొస్తే ఇంకొకరికి పోతుంది. మీ సెక్షన్‌లో ఇంకో నాలుగు బెంచీలు వేయొచ్చు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఏ బిట్ చెడిందో అంకెలు చెబుతాయి, ఎందుకు చెడిందో పిల్లలే చెప్పాలి. రేపు స్కూల్‌కి వెళ్లి ఆరుగురిని పిలవండి. పై గుంపులో స్క్వేర్ పెట్టిన ఇద్దరు, రాంబస్ పెట్టిన ఇద్దరు, కింది గుంపులో రాంబస్ పెట్టిన ఇద్దరు. తప్పు ఒప్పు అనకండి. "ఇది చేసేటప్పుడు నీ మనసులో ఏమనుకున్నావో పైకి చెప్పు" అని అడిగి ఊరుకోండి. మధ్యలో మాట అందించకండి, టీచర్లకు అది చాలా కష్టం, నాకు తెలుసు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తరవాత పేపర్లో ఆప్షన్లు రాసుకోవడానికి అంతకన్నా మంచి సరుకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

పేపర్ ఓకే చేసే పద్ధతి కూడా మార్చుకోండి. కీ పక్కన పెట్టుకుని చూస్తే ఎవరికీ తప్పు కనబడదు, కన్ను కీతో సరే అనేస్తుంది. పేపర్ సెట్ చేయని ఇద్దరు టీచర్లకు కీ లేకుండా ఇచ్చి పిల్లల్లాగే రాయమనండి. ఇద్దరి జవాబుల్లో ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగండి. ముప్పావు గంట పని.

సెక్షన్లు మార్కులతో విడదీయడం గురించి తమ్ముడు అన్నదానికి నా పూర్తి మద్దతు. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం అని రాసుకుంది, పిల్ల ఎక్కడుందో చూసి చేయి పట్టుకుని ముందుకు తీసుకెళ్లడానికి. మనం ఫార్మేటివ్ (నేర్చుకుంటుండగానే చూసి సరిదిద్దేది) అనే పేరు మాత్రం తీసుకుని దాన్ని ఏడాదికి నాలుగు చిన్న పరీక్షలుగా మార్చేశాం. ఒక లఘు పరీక్ష పెట్టాక, అందులో పిల్లలకు రాని పాఠాన్ని మర్నాడు మళ్లీ చెప్పకపోతే దాన్ని ఫార్మేటివ్ అనడానికి లేదు. ఇది నా ఉద్యోగం పొడుగునా చెప్పాను, ఇప్పుడూ చెబుతాను.


రెండు భాషల సారు, ఇబ్రహీంపట్నం వైపు

నమస్తే మేడమ్ గారూ, నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తాను. మీ 17వ బిట్ చదవగానే కుర్చీలోంచి లేచాను, ఎందుకంటే మా దగ్గర ఇదే ప్రశ్న ఇంకో రకంగా చెడింది.

2022-23 నుంచి మా బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్. నేనూ పేపర్ రెండు భాషల్లో ఇస్తాను. మీ ప్రశ్నే తెలుగులో పెట్టి చూడండి. రాంబస్‌ని తెలుగులో ఏమంటాం? సమచతుర్భుజం. నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతుర్భుజాన్ని ఏమంటారు అంటే, సమచతుర్భుజం. ప్రశ్నలోనే జవాబు ఉంది! తెలుగు చదవగలిగిన పిల్లవాడికి జామెట్రీ రాకపోయినా మార్కు వస్తుంది. ఇంగ్లిష్ వైపు చదివినవాడికి రాంబస్ అనే మాట దానంతటది ఏమీ చెప్పదు. ఒకే కాగితం మీద ఒకే నంబరు వేసి రెండు వేరే వేరే ప్రశ్నలు ఇచ్చినట్టు.

సైన్స్‌లో అయితే ఇంకా ఎక్కువ. మొక్కలను మాత్రమే తినే జంతువులను ఏమంటారు? శాకాహారులు. ఇది ఇంట్లో మాట, అవ్వ కూడా చెబుతుంది. పక్క పేజీలో హెర్బివోర్స్, అది బట్టీ పట్టాల్సిన మాట. పోయిన ఏడాది 7వ తరగతిలో 34 మందికి ఈ బిట్ ఇచ్చాను. తెలుగు వైపు చూసి రాసినవాళ్లు దాదాపు అందరూ సరిగ్గా పెట్టారు, ఇంగ్లిష్ వైపే చదవాలని పట్టుబట్టిన పిల్లలు, ముఖ్యంగా ఇళ్లలో హిందీ, ఉర్దూ, ఒరియా మాట్లాడే పిల్లలు, తడబడ్డారు. మా బడి చుట్టూ ఇటుక బట్టీలు, కట్టడాల పనులు ఉన్నాయి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు ఆవు గడ్డి తింటుందని తెలియదా? బాగా తెలుసు. నా బిట్ వాళ్ల సైన్స్‌ని కొలవలేదు, వాళ్ల భాషను కొలిచింది. ఆ మార్కులు రిజిస్టర్‌లో వేసేశాక ఈ సంగతి తట్టింది, అప్పటి నుంచి మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఒక్కటే. తెలుగు పేరులో అర్థం దాగి ఉన్న మాట అయితే పేరు అడగను. నాలుగు జంతువుల బొమ్మలు వేసి, వీటిలో మొక్కలను మాత్రమే తినేది ఏది అంటాను. రాంబస్ అయితే నాలుగు బొమ్మలు గీసి, భుజాలు సమానంగా ఉన్నవన్నీ గుర్తించమంటాను. ఇది సరైన దారేనా, ఎవరైనా చెప్పండి. మా మండలంలో దీని గురించి అడగడానికి నాకు మనిషి దొరకలేదు.


అంకెల తమ్ముడు, మాదాపూర్

సార్, మీరు చెప్పినదానికి మా పనిలో పేరుంది, డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్, పొట్టిగా డిఫ్ అంటాం. మొత్తం మార్కులు సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలను తీసుకుంటే, ఒకరు తెలుగు, ఒకరు ఇంగ్లిష్, ఆ బిట్‌లో మాత్రం ఒకరికే వరసగా మార్కు పోతుంటే అనుమానించాలి. వట్టిగా రెండు గుంపుల సగటు పోలిస్తే సరిపోదు, ఒక గుంపు మొత్తంగానే వెనకబడి ఉండొచ్చు కదా, అందుకే సమానమైనవాళ్లను జత చేసి చూడాలి. మాంటెల్-హెన్జెల్ పద్ధతి అని దీనికి ఉంది, వైద్య పరిశోధనల కోసం 1959లో వచ్చింది, 1988లో హాలండ్, థేయర్ దాన్ని పరీక్షల మీదికి తెచ్చారు. కానీ 34 మందితో అది కుదరదు, మీ లాంటి పది బడుల డేటా కలిస్తే కుదురుతుంది. మీరు బొమ్మలతో మార్చిన పద్ధతి సరైనదే. పేరు తెలుసా లేదా అన్నది కాకుండా విషయం తెలుసా అన్నది అడుగుతున్నారు.

అమ్మ గారు రెండింటికీ మార్కు అన్నారు. రాత్రంతా ఆలోచించాను. బిట్ బ్యాంకులో భద్రం చేసేటప్పుడు కీ రాంబస్ అనే ఉండాలి, దాంట్లో నా మాట మారదు. పిల్లల మార్కుల వరకు ఆవిడ చెప్పిందే న్యాయం.


పరీక్షల టీచర్, కూకట్‌పల్లి

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న ఆరుగురు పిల్లలతో మాట్లాడాను.

పై గుంపులో స్క్వేర్ పెట్టిన పాప ఏమందంటే, "రాంబస్ అంటే పతంగిలా వంగి ఉండాలి కదా మిస్, ప్రశ్నలో వంగి ఉందని చెప్పలేదు, అందుకే స్క్వేర్ పెట్టాను". ఎంత ఆలోచించి పెట్టిందో చూడండి. మా పుస్తకాల్లో, మా బోర్డుల మీద రాంబస్ ఎప్పుడూ పతంగిలా నిలబెట్టే ఉంటుంది, అడ్డంగా పెట్టింది నేనే ఒక్కసారి కూడా గీయలేదు. ఇంకో బాబు అచ్చం అమ్మ గారు చెప్పినట్టే 4వ తరగతి మాట చెప్పాడు. రాంబస్ పెట్టిన ఇద్దరిలో ఒకడు కోణాల గురించి చక్కగా వివరించాడు, రెండో పాప మాత్రం పుస్తకంలో నిర్వచనం అలాగే ఉందని మాత్రమే అంది, చతురస్రం ఎందుకు కాదని అడిగితే చెప్పలేకపోయింది. కింది గుంపులో రాంబస్ పెట్టిన ఒక బాబు, "ఆ మాట కొత్తగా, కష్టంగా ఉంది మిస్, కష్టమైనదే ఆన్సర్ అయి ఉంటుందనుకున్నా" అన్నాడు. ఆరో పాప ఏం అడిగినా తల దించుకుని నిలబడింది. ఆ పాప దగ్గరికి మళ్లీ వెళ్లాలి, పరీక్ష గురించి కాకుండా.

ఈ ఆరు మాటలూ కాగితం మీద రాసి, పట్టికతో సహా మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను. రెండు జవాబులకూ మార్కు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 9 మంది పైకి వచ్చారు, ఎవరూ కిందికి పోలేదు. బిట్ బ్యాంకులో కీ రాంబస్ అని మార్చి, పక్కన ఎందుకు మార్చామో రాసి పెట్టాను. 29 నుంచి 34 మధ్య ఉన్నవాళ్లందరినీ మార్కుతో కాకుండా నోట్‌బుక్కులు, టీచర్ మాట కలిపి చూద్దామని అడిగాను, దానికి ఈ ఏడాది కుదరదన్నారు. 31 దగ్గర స్క్వేర్ పెట్టిన నలుగురు, రెక్టాంగిల్ పెట్టిన బాబు అక్కడే ఉండిపోయారు. డిసెంబర్ పరీక్ష అయ్యాక మళ్లీ అడుగుతాను, ఈసారి ఆ 3 మార్కుల లెక్క రెండు పరీక్షలతో చూపిస్తాను. ఒకే పిల్లల రెండు మార్కులు పక్కపక్కన పెడితే సూత్రం చెప్పాల్సిన పని కూడా ఉండదనుకుంటున్నాను.

ట్యూషన్ సార్, మీ మీద నాకు కోపం లేదు, మీరన్నది మా స్టాఫ్ రూమ్‌లో కూడా నలుగురు అన్నారు.


బిట్ల అమ్మ, రిటైర్డ్, మలక్‌పేట

ఆ వంగిన రాంబస్ మాట బంగారం. వచ్చే పేపర్లో రాంబస్‌ని ఒక భుజం మీద పడుకోబెట్టి, స్క్వేర్‌ని మూల మీద నిలబెట్టి బొమ్మలు ఇవ్వండి. ఎంతమంది పిల్లలు పేర్లు తారుమారు చేస్తారో చూడండి.

కలవడం గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అంటున్నాను. పెద్ద సంఘం, రిజిస్ట్రేషన్, అధ్యక్షుడు ఇవన్నీ వద్దు. అమెరికాలో పరీక్షల కొలతల మీద పనిచేసేవాళ్లకు 1938 నుంచి జాతీయ సంస్థ ఉంది, మనకూ ఎప్పటికైనా కావాలి, కానీ అది ఆదివారం నలుగురు కూర్చున్నాక సంగతి. ఒక్కొక్కరు ఒక్క బిట్ తేవాలి, పరీక్ష అయిపోయిన బిట్ మాత్రమే, పిల్లల పేర్లు, స్కూల్ పేరు చెరిపేసి. ముందు జవాబు చెప్పకుండా బిట్ చదవాలి, అందరం రాయాలి, తరవాత డేటా చూపించాలి. రెండు గంటలు చాలు. సిటీలోనే యూనివర్సిటీలు ఉన్నాయి, ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ఉంది, ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) భాషా పరీక్షల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, వాళ్లను కూడా పిలుద్దాం, కానీ వక్తలుగా కాదు, వాళ్లూ ఒక బిట్ తెచ్చుకుని రావాలి.


అంకెల తమ్ముడు, మాదాపూర్

నేను రెడీ. వచ్చే ఆదివారం ఉదయం 11కి బంజారాహిల్స్‌లో అందరూ వచ్చి కూర్చోగలిగే సాంస్కృతిక వేదిక లామకాన్‌లో చెట్టు కింద కూర్చుందామా? చాయ్ దొరుకుతుంది, ఎవరూ లేవమనరు. ల్యాప్‌టాప్ నేను తెస్తాను.


ట్యూషన్ సార్, అమీర్‌పేట

నేనూ రావచ్చా? మా దగ్గర వారం వారం టెస్టులు పెడతాం, నాలుగేళ్ల జవాబు షీట్లు అటక మీద ఉన్నాయి, మార్కులు వేసి కట్ట కట్టడమే కానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. ఏ కట్ట తేవాలో చెప్పండి.


రెండు భాషల సారు, ఇబ్రహీంపట్నం వైపు

బస్సులో వస్తాను, పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఆగండి. శాకాహారుల బిట్ తెస్తున్నాను. 34 మంది జవాబులు చేత్తో రాసుకున్న కాగితం ఉంది, ఎవరు ఏ భాష వైపు చదివారో, ఇంట్లో ఏం మాట్లాడతారో పక్కన పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఎక్సెల్ రాదు నాకు, అక్కడే కూర్చోబెట్టి నేర్పిస్తే సాయంత్రం దాకా ఉంటాను.